పేరున్న పాత కారు పెట్టుబడిగా పనికొస్తుందా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక పల్లెటూరు. కొబ్బరి తోటతో పాటు చిన్న ఎరువుల దుకాణం ఉంది. వచ్చే నెలలో 11 లక్షల రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ సొమ్ము చేతికి వస్తోంది. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. హైదరాబాద్‌లో ఒక వ్యాపారి పూర్తిగా బాగుచేయించిన 1966 నాటి అంబాసిడర్ మార్క్-2ను ఏడున్నర లక్షలకు ఇస్తానంటున్నారు. దేశమంతా గుర్తుపట్టే మోడల్ కాబట్టి దాని ధర పెరగడమే తప్ప తగ్గదని, రెండేళ్ల తర్వాత అమ్మి ఇంజినీరింగ్ ఫీజులు కట్టవచ్చని, ఈలోగా పెళ్లిళ్లకు అద్దెకిచ్చి ఖర్చులు రాబట్టుకోవచ్చని నా ఆలోచన. పై ఖర్చుల కోసం మా నాన్నగారి 1986 అంబాసిడర్‌ను తుక్కు కింద అమ్మేద్దామనుకుంటున్నాను. ఆయన పోయి మూడేళ్లయింది, బండి అప్పటినుంచి షెడ్డులోనే ఉంది. మీ సలహా ఏమిటి?

సమాధానం: రెండేళ్లలో ఫీజులకు కావలసిన డబ్బును ఈ కారులో పెట్టవద్దు. అంబాసిడర్ మీద మీకున్న అభిమానాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఒక మోడల్‌కు చరిత్రలో స్థానం దక్కడం వేరు, మీరు కొన్న బండికి రెండేళ్లలో ధర రావడం వేరు. మీ లెక్క ఈ రెండింటినీ ఒకటిగా చూస్తోంది కాబట్టి, ఆ స్థానం దేనివల్ల వస్తుందో ముందుగా చూడాలి.

అంబాసిడర్ ఇంగ్లండ్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కు మన దేశపు రూపం. 1950ల చివరి నుంచి 2014 మే వరకు కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని తయారు చేసింది. ముందు జాలీ, దీపాలు, ఇంజన్లు మారాయే గాని, ఆ గుండ్రని కప్పు, ఉబ్బెత్తు చక్రాల పైభాగాలు చివరిదాకా అలాగే ఉన్నాయి. సాంకేతికంగా అది కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. దాని పేరంతా అది నిలబడిన చోట్ల నుంచి వచ్చింది: కలెక్టరు బంగళా ముందు, మంత్రుల కాన్వాయ్‌లో, డాక్టరు గారి వాకిట్లో, మన దగ్గర రావులపాలెం కూడలిలో మనిషికింత అని ఎక్కించుకునే అద్దె కార్ల వరుసలో, పెళ్లికొడుకును తీసుకువచ్చే పూలదండల బండిగా. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ తప్ప మరో కారు దాదాపు దొరకని, వాటి కోసం కూడా ఏళ్ల తరబడి ఎదురుచూడవలసిన రోజుల్లో పెద్దల నుంచి సామాన్యుల దాకా అందరి జీవితంలోకి వచ్చిన బండి అది.

మరికొన్ని మోడళ్లు వేరే దారిన ఆ స్థాయికి చేరాయి. 1959లో వచ్చిన మినీలో అలెక్ ఇసిగోనిస్ ఇంజన్‌ను అడ్డంగా బిగించి ముందు చక్రాలను నడిపించడంతో, పది అడుగుల కారులో నలుగురికి చోటు దొరికింది; తర్వాతి చిన్న కార్లలో అధిక భాగం ఆ పద్ధతినే అనుసరించాయి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800 అయితే, జీతం రాళ్లతో బతికే కుటుంబం కూడా సొంత కారు గురించి ఆలోచించగలదని చూపించింది. మనుషులు బతికే తీరునో, తర్వాతి కార్లు తయారయ్యే తీరునో మార్చినది, కార్ల సంగతి తెలియనివారు కూడా దూరం నుంచి గుర్తుపట్టగలిగినది, తయారీ ఆగిపోయాక కూడా విడిభాగాలు వెతికి మరీ నడిపించేవారు ఉన్నది నిజంగా చిరస్థాయిగా నిలిచే మోడల్ అని నా అభిప్రాయం. ఈ కొలతల్లో అంబాసిడర్‌కు ఏ లోటూ లేదు.

ధర మాత్రం వేరే సూత్రం మీద నడుస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ను ప్రపంచంలో గుర్తుపట్టనివారు అరుదు, కాని 2003 జూలైలో తయారీ ఆగేనాటికి అవి 2.15 కోట్లకు పైగా తయారయ్యాయి. 1955 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ ఉలెన్‌హౌట్ కూపే పేరు సామాన్యులు వినే ఉండరు. అవి రెండే తయారయ్యాయి, వాటిలో ఒకటి 2022 మేలో 13.5 కోట్ల యూరోలకు అమ్ముడుపోయింది. వందల మందిలో ఒక్కరికి తెలిసినా చాలు, వస్తువు అరుదైనదై కొనేవాడు ధనవంతుడైతే ధర పలుకుతుంది. మన అంబాసిడర్ బీటిల్ వైపే ఉంది. దేశం నలుమూలలా తిరగడమే దాని గొప్పతనం, కాబట్టి దేశం నలుమూలలా ఇంకా దొరుకుతూనే ఉంటుంది. వాటిలో తొలినాటివి, తయారైనప్పటి ఇంజన్‌తో, మొదటి యజమాని నుంచి తెగని కాగితాలతో ఉన్నవి కొన్నే ఉంటాయి, మంచి ధర వాటికే. "పూర్తిగా బాగుచేయించిన" అన్న మాట మీకు ధీమా ఇస్తోంది గాని, సేకర్తలు ముందుగా అడిగేది ఏది మార్చారు, ఏది మిగిలింది అనే.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఏడున్నర లక్షలను డిపాజిట్‌లోనే ఉంచి, ఏటా 7 శాతం వడ్డీ అనుకుంటే, రెండేళ్లకు సుమారు 8 లక్షల 59 వేలు అవుతుంది. కారుకు బీమా, బ్యాటరీ, టైర్లు, మెకానిక్, టింకరింగ్ కలిపి ఏడాదికి 50 వేలు వేసుకుందాం. అంటే కారు రెండేళ్లలో 9 లక్షల 59 వేలకు, దాదాపు 28 శాతం ఎక్కువకు అమ్ముడుపోతేనే మీరు డిపాజిట్‌తో సమానంగా ఉంటారు. పైగా అది కౌన్సెలింగ్ జరిగే వారంలోనే అమ్ముడుపోవాలి. పాత కారుకు సరైన కొనుగోలుదారు దొరకడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది, కాలేజీ ఫీజు గడువు అంతవరకు ఆగదు.

పెళ్లిళ్ల అద్దె ఆలోచనను పూర్తిగా వదిలేయండి. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న వాహనాన్ని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేలు, పునరుద్ధరణకు 5 వేలు కడితే పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనం పోయించుకోవడానికి తప్ప రోజువారీగా తిప్పకూడదు, వ్యాపారానికి అసలే వాడకూడదు. మామూలు సొంత వాహనంగా ఉంచుకున్నా పర్మిట్ లేకుండా అద్దెకు తిప్పడం నేరమే, అలాంటి ప్రయాణంలో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ క్లెయిమును తిరస్కరించవచ్చు. పెళ్లివారిని ఎక్కించుకున్న బండి విషయంలో ఆ ప్రమాదం మీ నెత్తిన వేసుకోవద్దు.

పన్ను విషయంలో చాలామంది సగమే చెబుతారు. సొంత వాడకానికి ఉంచుకున్న కారును అమ్మితే లాభంపై మూలధన లాభాల పన్ను ఉండదన్నది నిజమే. కాని 1983లో 20 వేలకు కొన్న 1931 నాటి ఫోర్డ్ టూరర్‌ను తర్వాత 21 లక్షలకు అమ్మిన కేసులో, సొంతంగా వాడినట్టు ఆధారం లేదని బొంబాయి హైకోర్టు ఆ మినహాయింపును ఒప్పుకోలేదు. లాభానికి అమ్మడం కోసమే కొంటున్నానని మీరే రాశారు కాబట్టి, ఆ మినహాయింపును నమ్ముకోవద్దు.

మన ప్రాంతపు గాలి గురించి కూడా చెప్పాలి. రాజోలు నుంచి అంతర్వేది దాకా సముద్రపు ఉప్పుగాలి, వర్షాకాలమంతా ఆరని తేమ, గోదావరికి వరద వస్తే వాకిట్లోకి నీళ్లు: ఇనుప రేకుకు ఇంతకన్నా కష్టకాలం లేదు. హైదరాబాద్‌లో మెరిసిన బండి ఇక్కడ రెండు వానాకాలాల్లో బుడిపెలు దేలవచ్చు. ఎప్పుడు ఏ పాత కారు చూడబోయినా జేబులో చిన్న అయస్కాంతం తీసుకువెళ్లండి. తలుపుల కింది అంచుల మీద, గుమ్మపు పట్టీల మీద, వెనుక చక్రాల చుట్టూ దాన్ని గుడ్డ మీదుగా ఆనించి జరపండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది. తుప్పు పట్టిన చోట పుట్టీ మెత్తి రంగు కొట్టి ఉంటే జారిపోతుంది. ఆ తర్వాత లోపలి చాప ఎత్తి, పాదాలు పెట్టే చోట నేలను బొటనవేలితో నొక్కి చూడండి, అక్కడ మెత్తగా తగిలితే బేరం ఆపేయండి. సి-బుక్కులో ఉన్న ఇంజన్, ఛాసిస్ నంబర్లను బండి మీద చెక్కిన వాటితో మీరే సరిచూసుకోండి. పాత అంబాసిడర్లలో ఇంజన్ మార్చడం సర్వసాధారణం, ఆ మార్పు కాగితాల్లోకి ఎక్కకపోతే రిజిస్ట్రేషన్ బదిలీ దగ్గరే ఆగిపోతారు.

మీ 11 లక్షలను ఫీజుల గడువులకు తగ్గట్టు విడదీయండి. ఒక బ్యాంకులో ఒక వ్యక్తికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంటుంది కాబట్టి, 10 లక్షలను మీ పేరున, మీ శ్రీమతి గారి పేరున వేర్వేరు బ్యాంకుల్లో, ఒక్కోచోట నాలుగు లక్షలు మించకుండా వేయండి. కాలపరిమితులు రెండేళ్ల తర్వాత ఏటా జూన్‌లో ఒక్కొక్కటి ముగిసేలా పెట్టుకుంటే, తోట మీద రాబడి తగ్గిన ఏడాది కూడా ఫీజుకు అప్పు చేయనక్కర్లేదు.

మిగిలిన లక్ష మీ నాన్నగారి బండికి పెట్టండి. దాన్ని తుక్కు కింద అమ్మడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఒకే కుటుంబం చేతిలో కాగితాలతో సహా ఉన్న మార్క్-4 అది, 2036లో దానికి 50 ఏళ్లు నిండుతాయి. మీరు హైదరాబాద్‌లో వెతుకుతున్నది చాలావరకు మీ షెడ్డులోనే ఉంది. యజమాని మరణించిన మూడు నెలల్లోపు చేయించవలసిన బదిలీ ఇప్పటికే ఆలస్యమైంది కాబట్టి, వారసత్వ ధ్రువపత్రంతో, మిగతా వారసుల సమ్మతితో ఫారం 31 దాఖలు చేసి సి-బుక్కు మీ పేరుకు మార్పించుకోండి. రిజిస్ట్రేషన్ గడువు తీరి ఉంటే, 20 ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టు సవరణ ప్రకారం పునరుద్ధరణ రుసుము 10 వేలు, గ్రీన్ ట్యాక్స్, ఆలస్య రుసుము అదనం. పెట్రోలు బండి అయితే ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు తట్టుకోవు, వాటిని కొత్తవి వేయించండి. ముందు బ్రేకులు, తర్వాత వైరింగు, ఆ తర్వాత అడుగు రేకు చేయించి, రంగు అన్నిటికన్నా చివర వేయించండి.