కరోనా కాలంలో పిల్లల వార్డులు ఖాళీ అయ్యాయంటే పిల్లలకు జబ్బులు తగ్గినట్టేనా?

కొన్ని తగ్గాయి. బడులు మూసేసరికి జలుబులూ దగ్గులూ ఒకరి నుంచి ఒకరికి అంటుకోలేదు. ఏటా వానాకాలంలో మా చిన్నోడికి వచ్చే ఆయాసం 2020లో రానేలేదు. కానీ ఖాళీగా కనిపించిన మంచాల్లో చాలా వరకు, భయంతో ఇళ్లలో ఉండిపోయిన పిల్లలవేనని నేను గట్టిగా చెప్తాను. వాళ్లలో మా పాప ఒకతి.

మాది సత్తెనపల్లి పక్కన పల్లె. 2020 ఏప్రిల్, పాపకి ఎనిమిదేళ్లు. చెంబులకు చెంబులు నీళ్లు తాగేది. ఎండలు కదా అనుకున్నాం. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. గౌన్లు వదులైతే, వేళకు తినట్లేదులే అంది మా అత్తయ్య. చూపిద్దామంటే బస్సుల్లేవు. నరసరావుపేటలో, గుంటూరులో రోజూ కొత్త కేసులు. ఆసుపత్రికెళ్లి లేని జబ్బు తెచ్చుకుంటామా అని మూడు వారాలు ఆగాం. వాంతులు పట్టుకుంటే ఊళ్లో ఆరెంపీ గారు వచ్చి గ్లూకోజు సీసా ఎక్కించారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.

ఆ రాత్రి పాప రొప్పడం మొదలెట్టింది. నోట్లోంచి మాగిపోయిన పండు వాసన. మా బావగారి ఆటోలో గుంటూరు బయల్దేరాం. దారిలో రెండు చోట్ల పోలీసులు ఆపారు. మొదటి ఆసుపత్రిలో ఆయాసం అన్న మాట వినగానే గేటు తియ్యలేదు, కరోనా పరీక్ష కాగితం తెమ్మన్నారు. పిల్ల తల వాల్చేస్తుంటే కాగితం ఎక్కణ్ణుంచి తేవాలి? రెండో చోట ఒక నర్సమ్మ బయటికొచ్చి ఆటోలోనే వేలు గుచ్చింది. మిషన్ మీద అంకె రాలేదు, 'హై' అని పడింది. "అమ్మా, ఇది కరోనా కాదు, షుగరు" అంటూ పిల్లని ఎత్తుకుని లోపలికి పరిగెత్తింది.

నాలుగు రోజులు ఐసీయూ. పది రోజుల ముందు తెచ్చుంటే ఇంత దూరం వచ్చేది కాదన్నారు డాక్టరు గారు. ఆ మార్చిలోనే ఇటలీలో ఇలా ఆలస్యంగా వచ్చిన 12 మంది పిల్లల గురించి అక్కడి డాక్టర్లు రాశారని తర్వాత చదివాను. వాళ్లలో నలుగురు చనిపోయారు. ఒక్కరు కూడా కరోనాతో కాదు.

టీకాలదీ అదే కథ. 2020లో మన దేశంలో 30 లక్షల మందికి పైగా పిల్లలకు డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా) మొదటి డోసు కూడా పడలేదని డబ్ల్యూహెచ్ఓ, యూనిసెఫ్ లెక్క. 2021లో టీవీలన్నీ మూడో వేవ్ పిల్లల మీదకే వస్తుందని నెలల తరబడి అదరగొట్టాయి. అందులో ఒక్క గంటైనా ఆగిపోయిన టీకాల గురించి చెప్తే ఎంత బాగుండేది!

పాప ఇప్పుడు ఇన్సులిన్ తనే వేసుకుంటుంది. మా వీధిలో ఏ పిల్లకైనా ఊరికే దాహమేస్తోందంటే తల్లులు మా ఇంటికే తీసుకొస్తారు. ముందు వేలు గుచ్చి చూస్తాను, తర్వాతే మాటలు.