గ్రీన్ కరెంటు కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

గాలికీ ఎండకీ ఎవరూ డబ్బు కట్టరు కదా, గ్యాస్ ధర పెరిగితే మన ఫ్యాక్టరీ గ్రీన్ కరెంటు బిల్లు ఎందుకు పెరగాలి అని అడిగావు. ముందు ఆ ముడి విప్పుకో, కాగితాల సంగతి తర్వాత.

కరెంటుని టోకున అమ్మే హోల్‌సేల్ మార్కెట్లో గంటగంటకీ, కొన్నిచోట్ల 15 నిమిషాలకొకసారి, ప్లాంట్లన్నీ తమ ధర చెబుతాయి. వాటిని చౌక నుంచి ఖరీదు వైపు వరసపెడతారు. ఆ గంట గిరాకీ తీరడానికి ఆఖర్న ఏ ప్లాంటు అవసరమైందో దాని ధరే అందరికీ దక్కుతుంది. సోలార్ ప్లాంటు సున్నాకే ఇస్తానన్నా, ఆఖరిది గ్యాస్ ప్లాంటైతే సోలార్‌కీ ముట్టేది గ్యాస్ కరెంటు ధరే.

లెక్క వేసి చూడు. మెగావాట్-అవర్ (మన బిల్లు లెక్కలో వెయ్యి యూనిట్లు) వేడినిచ్చే గ్యాస్ ధర 30 అనుకో, కరెన్సీ ఏదైనా ఒకటే. ప్లాంటు సామర్థ్యం 50 శాతమైతే మెగావాట్-అవర్ కరెంటుకి గ్యాస్ ఖర్చు 60. దాంతో సుమారు 0.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కూడా వెలువడుతుంది. దానికి టన్నుకి 70 రుసుము కట్టాల్సిన చోట ఇంకో 28. మొత్తం 88. గ్యాస్ 60 అయితే అదే 148 అవుతుంది. 2022లో యూరప్‌లో గ్యాస్ ధర ఎగబాకినప్పుడు సోలార్, విండ్ ప్లాంట్ల ఆదాయం ఎంత పెరిగిందంటే, యూరోపియన్ యూనియన్ మెగావాట్-అవర్‌కి 180 యూరోలని దానికి తాత్కాలికంగా హద్దు పెట్టింది. జలాశయం కరెంటుదీ అదే దారి. ఇవాళ నీళ్లు వదిలేస్తే రేపటి ఖరీదైన గంట చేజారుతుందని, అది చూసుకునే ధర చెబుతారు.

కాబట్టి నీ కాంట్రాక్టులో మొదట వెతకాల్సింది ధర దేనికి కట్టి ఉందన్నది. మార్కెట్ సూచీకి కట్టి ఉంటే పేరులో గ్రీన్ ఎంత ఉన్నా నువ్వు గ్యాస్ మీద పందెం కాస్తున్నట్టే. గ్రీన్ సర్టిఫికెట్ అంటే కరెంటు గాలి, ఎండ లాంటి వాటి నుంచి వచ్చిందని చెప్పే, విడిగా అమ్ముడయ్యే కాగితం, అది ధరని కట్టిపడేయదు. ఏళ్ల తరబడి స్థిరంగా ఉండే ధర అయితే దాన్ని నడిపేది ఇంధనం కాదు, అప్పు మీద వడ్డీ. ఈ ప్లాంట్ల ఖర్చంతా దాదాపు కట్టేటప్పుడే అయిపోతుంది.

అసలు చిక్కు గంటల్లో ఉంది. ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. ఎండ బాగా కాసినప్పుడు సోలార్ ప్లాంట్లన్నీ ఒకేసారి అమ్ముతాయి, ధర కూలుతుంది. మధ్యాహ్నం 20 చొప్పున 6 మెగావాట్-అవర్లు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి 100 చొప్పున అమ్మితే 8 మెగావాట్-అవర్లకి 320, అంటే సగటున 40. అదే రోజు 24 గంటల మార్కెట్ సగటు 70 ఉండొచ్చు. సోలార్ కరెంటుకి 70 ధర ఒప్పుకున్నవాడు 40 విలువైన సరుకు కొన్నట్టు. పైగా సాయంత్రం షిఫ్టుకి మళ్లీ మార్కెట్లో ఖరీదుగా కొనాలి.

అందుకని మీటర్ నుంచి పోయిన 12 నెలల గంటవారీ వాడకం తెప్పించు. పక్కన ఆ ప్లాంటు గంటవారీ ఉత్పత్తి అంచనా, ఇంకో పక్కన ఆ గంటల మార్కెట్ ధర పెట్టు. ప్రతి గంటకీ మిగులు, లోటు ధరతో గుణించి కూడు. నెలవారీ సగటులతో చేస్తే మిగులూ లోటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని నష్టం కనపడదు. గ్యాస్ ధర రెట్టింపు, సగం అనుకుని మరో రెండుసార్లు వెయ్యి.

ప్లాంటు ఎంత తీస్తే అంత కొనే ఒప్పందమైతే ఈ హెచ్చుతగ్గులు నీ నెత్తిన. రోజంతా సమానంగా ఇచ్చే ఒప్పందంలో అవి అమ్మేవాడివి, అందుకే రేటు ఎక్కువ. నీ ఫ్యాక్టరీ మూడు షిఫ్టులు నడిస్తే ఆ ఎక్కువ ఇవ్వడమే మేలని నా లెక్క. కరెంటు చేతులు మారకుండా ధరల తేడా మాత్రమే చెల్లించుకునే ఒప్పందంలో మార్కెట్ పడిపోతే తేడా నువ్వు కట్టాలి. దానికి నగదు చేతిలో ఉంచుకో.

కరెంటు మరీ మిగిలిపోయి ధర సున్నా కిందికి పోయిన గంటల్లో ఎవరు ఎవరికి కట్టాలో, గ్రిడ్ ప్లాంటుని ఆపమంటే ఆ యూనిట్లకి డబ్బు అడుగుతారో లేదో స్పష్టంగా రాయించు. లెక్క తేల్చేది ఏ ప్రాంతపు ధరతోనో చూడు. నువ్వు కొనే ప్రాంతం వేరైతే ఆ తేడా కూడా నీకే పడుతుంది. బ్యాంకు గ్యారంటీ కూడా అడుగు. మార్కెట్ ధర ఒప్పందం ధరని దాటినప్పుడే అమ్మేవాడికి తప్పుకోవాలనిపిస్తుంది, నీకు ఆ కరెంటు అవసరమయ్యేదీ అప్పుడే.

గంటవారీ షీటు తయారయ్యాక పంపు, కలిసి చూద్దాం.

మీ మామయ్య