మానసిక ఆరోగ్య సేవల్లో ‘ఎరుకతో, పరిస్థితిని బట్టి మారే నాయకత్వం’ అంటే ఏమిటి?

నిర్వచనం కంటే జింబాబ్వే ఉదాహరణ చెబితే తేలిగ్గా అర్థమవుతుంది.

2005లో అక్కడి ప్రభుత్వం పట్టణాల్లోని పేదల ఇళ్లను కూలగొట్టింది. లక్షల మందికి నిలువ నీడ లేకుండా పోయింది. మరుసటి ఏడాది మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా రాజధాని హరారేలోని ఎంబారే అనే పేటలో సేవలు మొదలుపెట్టాలనుకున్నారు. నర్సులకు తీరిక లేదు, క్లినిక్‌లో గది ఖాళీ లేదు. దొరికిందల్లా ఆ పేటలోనే ఆరోగ్య కార్యకర్తలుగా తిరిగే 14 మంది అమ్మమ్మలు. సరే, ఆరుబయట ఒక చెక్క బెంచీ వేసి, బాధలో ఉన్నవారితో కూర్చుని మాట్లాడేలా వాళ్లకే శిక్షణ ఇచ్చారు.

అసలు విషయం ఇక్కడుంది. మొదట దానికి ‘మానసిక ఆరోగ్య బెంచీ’ అని పేరు పెట్టారు. ఆ పేరున్న బెంచీ మీద నలుగురి ఎదుట ఎవరు కూర్చుంటారు? పేరు మార్చమన్నది అమ్మమ్మలే. అది ‘స్నేహ బెంచీ’ అయింది. డిప్రెషన్ అనే మాట కూడా పక్కకు పోయి, షోనా భాషలోని ‘కుఫుంగిసిసా’ వచ్చింది. అంటే అతిగా ఆలోచించడం. (మనవాళ్లు ‘బెంగ పెట్టుకుంది’ అన్నట్టే.)

డాక్టరు చదువు చదివినవాడు ఆ సలహాకు నొచ్చుకోకుండా వినడమే, నా దృష్టిలో, ఎరుక. గది లేకపోతే బెంచీతో, నర్సులు లేకపోతే అమ్మమ్మలతో పని సాగించడమే పరిస్థితిని బట్టి మారడం. అలాగని అన్నీ వదిలేయలేదు. వచ్చినవారి మానసిక స్థితిని అంచనా వేయడానికి 14 ప్రశ్నల పరీక్ష ఉంటుంది, ఆత్మహత్య ఆలోచన కనిపిస్తే పై స్థాయి వైద్య సిబ్బంది దగ్గరికి పంపుతారు. 24 క్లినిక్‌లలో 573 మందిపై జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. బెంచీ మీద కూర్చున్నవారిలో ఆరు నెలల తర్వాత కుంగుబాటు లక్షణాలు క్లినిక్‌లో మామూలు సేవలు అందుకున్నవారికంటే బాగా తక్కువగా కనిపించాయి.