స్టాండ్ మీద బాగుండి ట్రాక్ మీద మిస్ కొట్టే డ్రాగ్ బైక్ గురించి

చిన్నా,

నీ మెసేజ్ చదివాను. షెడ్‌లో స్టాండ్ మీద బానే తిరుగుతోంది, ట్రాక్ మీద లాంచ్ అయ్యాక, అంటే స్టార్ట్ లైన్ నుంచి దూకాక, మధ్యలో కట్ కొడుతోంది, ప్లగ్స్ మార్చా, కాయిల్స్ మార్చా, ఇప్పుడు ఇగ్నిషన్ బాక్స్, అదే స్పార్క్ ఎప్పుడు పడాలో చూసుకునే డబ్బా, కొత్తది తీసుకోమంటావా అని అడిగావు. ఇప్పుడే వద్దురా. ఇలాంటి కంప్లయింట్‌లో బాక్స్ పోయి ఉండటం చాలా తక్కువ, ఎక్కువసార్లు వైరు, ఎర్త్, కనెక్టర్, స్విచ్, వీటిలోనే ఎక్కడో దొరుకుతుంది.

ముందు అది కరెంటు ప్రాబ్లమా పెట్రోల్ ప్రాబ్లమా తేల్చుకో. పెట్రోల్ చాలకపోతే బండి మెల్లగా నీరసపడుతుంది, స్పార్క్ పోతే టక్కున ఆగి మళ్ళీ టక్కున అందుకుంటుంది. రన్ మొత్తం రికార్డు చేసే లాగర్ ఉంది కదా, ఆర్‌పీఎం గీత చూడు. గీత ఒక్కసారిగా నిలువునా సున్నాకి పడి వెంటనే పైకొస్తే అది ఇంజన్ ఆగడం కాదు, క్రాంక్ అంత స్పీడుగా ఆగి మళ్ళీ తిరగలేదు, సిగ్నల్ పోతోందని అర్థం, అంటే క్రాంక్ తిరగడం చూసి బాక్స్‌కి చెప్పే పికప్ సెన్సార్ వైపు వెతకాలి.

బ్యాటరీ సంగతి. బరువు తగ్గాలని ఆల్టర్నేటర్ తీసేశావు కాబట్టి నీ బండి మొత్తం బ్యాటరీ మీదే బతుకుతోంది, ప్రతి రన్‌కీ కొంచెం కొంచెం దిగుతూనే ఉంటుంది, ఫ్యూయల్ పంపు, గాలితో గేర్ మార్చే షిఫ్టర్ కంప్రెసర్ కూడా దాని మీదే. మామూలు లెడ్ బ్యాటరీ ఫుల్‌గా ఉంటే 12.6 నుంచి 12.8 వోల్టులు చూపిస్తుంది, కానీ నాలుగు సెల్స్ ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఫుల్‌గా ఉంటే 13.2 పైన ఉండాలి, దాంట్లో 12.8 కనపడితే ఖాళీ కావొస్తోందని. చాలామంది ఇక్కడే మోసపోతారు, మీటర్లో పన్నెండు పైన ఉందిగా అనుకుని వదిలేస్తారు. పైగా ఊరికే పక్కన పెట్టి చూడటం కాదు, పంపు ఇగ్నిషన్ అన్నీ ఆన్ చేసి చూడాలి.

ఇక అసలు టెస్ట్. ఇంజన్ తిరుగుతుండగా మీటర్ డీసీ వోల్ట్స్‌లో పెట్టి ఒక ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి కాయిల్ ప్లస్ మీద పెట్టు. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ దారిలో ఎక్కడో తినేస్తోంది, ఫ్యూజ్ హోల్డరో, కిల్ స్విచ్చో, టెర్మినలో. అలాగే బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్ బాడీకి, అక్కడ 0.2 దాటకూడదు. దాటితే ఎర్త్ బోల్ట్ విప్పి కింద పౌడర్ కోటింగ్ ఉందేమో చూడు, పెయింట్ మీద బిగించిన ఎర్త్ ఒకరోజు పనిచేస్తుంది ఒకరోజు చేయదు. ఓమ్స్ పెట్టి కంటిన్యుటీ చూశా బీప్ వచ్చింది అంటావు చూడు, దాన్ని నేను నమ్మను, వైరులో ఒక్క పోగు మిగిలినా బీప్ కొడుతుంది. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఆ వైరు చివర తగిలించు, నాలుగున్నర ఆంప్స్ దాకా లాగుతుంది, డల్‌గా వెలిగిందంటే దొంగ దొరికినట్టే. పికప్ వైర్లకి, బాక్స్ అవుట్‌పుట్ వైర్లకి మాత్రం ఈ బల్బు పెట్టకు.

ఎప్పుడు కట్ అవుతోందో గమనించావా? అది నువ్వు రాయలేదు, నాకు కావాల్సింది అదే. గేర్ పడినప్పుడల్లా అయితే షిఫ్ట్ కిల్ చూడు, అది గేర్ మారేటప్పుడు మిల్లీసెకన్లలో స్పార్క్ ఆపి వదలాలి, బటన్ స్ప్రింగ్ పట్టేస్తే ఆలస్యంగా వదులుతుంది, నీకు మిస్సింగ్ లాగే తెలుస్తుంది. గేర్‌తో సంబంధం లేకుండా, లాంచ్‌కి సెట్ చేసుకున్న ఆర్‌పీఎం దగ్గరకి పడిపోయి అక్కడ బడబడలాడుతుంటే క్లచ్ స్విచ్ అదురుకి కలుస్తోంది, టూ స్టెప్, అదే లాంచ్ కోసం ఆర్‌పీఎంని పట్టి ఉంచే లిమిటర్, ఆన్ అయిపోతోంది. ఇంజన్ వేడెక్కాక మాత్రమే వస్తే పికప్‌ని హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ రెసిస్టెన్స్ చూడు, లోపల తెగినట్టు ఓపెన్ చూపిస్తే అదే. ఫుల్ లోడ్ మీద మాత్రమే అయితే ప్లగ్ గ్యాప్, ఎందుకంటే బయట గాలిలో దూకే స్పార్క్ సిలిండర్ ప్రెషర్లో దూకదు, టర్బో, నైట్రస్ బళ్ళకి గ్యాప్ చాలావరకు 0.5, 0.6 మిల్లీమీటర్లకి తగ్గిస్తారు.

ప్లగ్ వైర్లు రాగి తీగవి వేశావని ఫోటోలో కనిపించింది, అవి తీసేయ్. డిజిటల్ బాక్స్ ఉన్న బండికి స్పైరల్ కోర్ వైర్లు, రెసిస్టర్ ప్లగ్స్ ఉండాలి, లేకపోతే ఆ నాయిస్ పికప్ సిగ్నల్లో కలిసి బాక్స్‌కి పిచ్చెక్కుతుంది. పికప్ వైర్లని ప్లగ్ వైర్ల పక్కనే కట్టకు.

ఇంకోటి, జాయింట్లు సోల్డర్ చేశానన్నావు. సోల్డర్ వైరులోకి పాకి గట్టిపడుతుంది, ఇంజన్ రిజిడ్‌గా బిగించిన బండిలో ఆ అదురుకి సరిగ్గా అక్కడే విరుగుతుంది, పైన స్లీవ్ ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు. మంచి క్రింప్ వేసి పక్కనే క్లాంప్ చెయ్. బండి తిరుగుతుండగా ఒక్కో వైరూ కదిపి చూడు, హ్యాండిల్ మెడ దగ్గర మరీ ముఖ్యం. ఒకసారికి ఒక్కటే మార్చు, నాలుగు కలిపి మారిస్తే ఏది పట్టిందో ఎప్పటికీ తెలియదు.

జాగ్రత్త చెప్పాలి. ప్లగ్ బయటకి తీసి స్పార్క్ చూసేటప్పుడు ప్లగ్ హోల్‌కి దూరంగా ఎర్త్ చెయ్, మెథనాల్ పోసే బండైతే మరీ జాగ్రత్త, దాని మంట పగలు కంటికి దాదాపు కనపడదు. కిల్ స్విచ్ తాడు, అదే నువ్వు పడిపోతే ఊడి ఇంజన్ ఆపేది, టెస్ట్ కోసం కూడా బైపాస్ చేసి ట్రాక్ ఎక్కకు, స్టాండ్ మీద కూడా పక్కనోడి చేతిలో ఉండాలి. ఫ్రేమ్‌కి వెల్డింగ్ చేయిస్తే బాక్స్ కనెక్టర్, బ్యాటరీ రెండూ ముందే పీకెయ్.

ఆదివారం లోపు ఆ రెండు వోల్టేజ్ డ్రాప్ నంబర్లు, లాగర్ ఫైలు, దగ్గరనుంచి తీసిన క్లచ్ స్విచ్ కనెక్టర్ ఫోటో పంపు. నాకు ఆ క్లచ్ స్విచ్ మీదే డౌటుగా ఉంది.

బాబాయ్