డ్రైవర్ లేని బండ్లు వస్తే మా పాపకు రైల్వేలో పనేముంటుంది?

ప్రశ్న: మాది కాజీపేట. మా ఆయన గూడ్స్ బండ్ల మీద లోకో పైలట్. పాప ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఎన్ఐటీ వచ్చేంత ర్యాంకు రాలేదు. ఈఏపీసెట్ ర్యాంకుకు ఒక మంచి కాలేజీలో ఈసీఈ, అంతగా పేరు లేని ఇంకో కాలేజీలో సీఎస్ఈ వచ్చేలా ఉన్నాయి. రైళ్లను ఆటోమేటిక్‌గా నడిపే, ఆపే సిస్టమ్స్ మీద పని చేస్తానని, ఈసీఈనే తీసుకుంటానని పాప పట్టుబట్టింది. మా ఆయనేమో "రేపు డ్రైవర్లే లేకుండ బండ్లు నడుస్తయట, మా కొలువులకే దిక్కు లేదు, నువ్వొచ్చి ఏం చేస్తవ్" అని కోప్పడుతున్నారు. ఎవరి మాట వినాలి సార్?

జవాబు: అమ్మా, ముందు మీ వారి భయం సంగతి చూద్దాం. అది తీరకుండా ఇంట్లో ఈ విషయం తెమలదు.

డ్రైవర్ లేని రైళ్లు మన దేశంలో నిజంగానే నడుస్తున్నాయి. ఢిల్లీ మెట్రో మెజెంటా లైన్‌లో 2020 డిసెంబర్ 28న మొదలయ్యాయి. మన హైదరాబాద్ మెట్రోలో కూడా బండిని నడిపేది చాలావరకు కంప్యూటరే. ముందు కేబిన్‌లో కూర్చున్న ఆపరేటర్ తలుపులు చూసుకుని, బయలుదేరమని చెబుతారు. స్పీడు, బ్రేకు సిస్టమ్ చూసుకుంటుంది. కానీ మెట్రో పట్టాల మీదికి బర్రె రాదు, గేటు దగ్గర బైకు దూరదు. మీ వారు నడిపే లైన్ల మీద ఇవన్నీ వస్తాయి. అందుకే మన రైల్వే తెచ్చిన 'కవచ్' లోకో పైలట్‌ను తీసేయడానికి వచ్చింది కాదు. ఆయన ఎర్ర సిగ్నల్ దాటబోతే, స్పీడు మించిపోతే, బ్రేకు వేయకపోతే తాను వేస్తుంది. అంటే ఆయన వెనక నిలబడి చూసే ఇంకో కన్ను. ఆ కన్నును తయారు చేసేవాళ్లలో మీ పాప ఒకరు కావాలనుకుంటోంది. తండ్రి ఉద్యోగానికి బిడ్డ చదువు పోటీ కాదని మీ వారికి చెప్పండి.

ఇక చదువు. ఇంజను దగ్గర్నించి చెబితే మీ ఇంట్లో అందరికీ తేలిగ్గా అర్థమవుతుంది.

బండి తానే ఆగాలంటే మొదట తానెక్కడుందో దానికి తెలియాలి. జీపీఎస్ ఉంది కదా అంటారు అందరూ. పక్కపక్కనే రెండు మూడు లైన్లు ఉన్నచోట బండి ఏ పట్టా మీద ఉందో జీపీఎస్‌ను నమ్మి చెప్పలేం. సొరంగంలో అసలు అందదు. అందుకే కవచ్‌లో పట్టాల మధ్య స్లీపర్లకు ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు (రీడర్ పైనుంచి పోగానే రేడియోతో తమ నంబరు చెప్పే చిన్న బిళ్లలు) బిగిస్తారు. ఇంజను కింద ఉన్న రీడర్ వాటిని చదువుకుంటూ పోతుంది. ఒక ట్యాగుకూ ఇంకో ట్యాగుకూ మధ్య చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి దూరం కడుతుంది. ఇక్కడే అసలు తమాషా. మీ వారికి తెలిసిన డబ్ల్యూఏజీ-9 ఇంజను కొత్త చక్రం వ్యాసం 1092 మిల్లీమీటర్లు. అరిగి అరిగి 1016కు వచ్చేదాకా వాడతారు. చక్రం అరిగిన సంగతి కంప్యూటర్‌కు చెప్పలేదనుకోండి, అది కిలోమీటరు వచ్చాననుకునేసరికి బండి నిజంగా వచ్చింది 930 మీటర్లే. 70 మీటర్ల తేడా! వానలో చక్రం జారితే ఇంకో రకం తప్పు. ఈ తప్పు పెరుగుతూ పోతుంటే, తర్వాతి ట్యాగు చదవగానే మళ్లీ సరిదిద్దుకుంటుంది. మధ్యలో ఎంత తప్పు ఉండొచ్చో ముందే లెక్కవేసి, అంత ముందుగానే బ్రేకు పడేలా చూసుకోవాలి. పాపకు ఫిజిక్స్‌లో ఇలాంటి లెక్కలు చేస్తుంటే టైమ్ తెలియదంటే ఈ దారి ఆమెదే. విసుగొస్తుందంటే ఇప్పుడే ఆలోచించుకోవాలి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఇందులో పని చేసేవాళ్లు రోజూ వేసుకునే ప్రశ్న 'ఎలా పనిచేస్తుంది' అని కాదు, 'చెడిపోతే ఏమవుతుంది' అని. వైరు తెగినా, కరెంటు పోయినా, కంప్యూటర్ ఆగిపోయినా సిగ్నల్ ఎరుపుకే పడాలి, బండి ఆగాలి. పట్టాల్లో చిన్న కరెంటు పంపి బండి ఉందో లేదో తెలుసుకునే ట్రాక్ సర్క్యూట్‌ను అమెరికాలో విలియం రాబిన్సన్ 1872లో చేశారు. పట్టా విరిగి కరెంటు ఆగినా 'బండి ఉంది' అనే చెబుతుందది. నూట యాభై ఏళ్లయినా ఆ సూత్రం మారలేదు. కవచ్‌కు ఉన్న భద్రతా స్థాయిని సిల్-4 అంటారు. ప్రమాదం తెచ్చే రకం వైఫల్యం పది కోట్ల గంటల పనికి ఒక్కటి కూడా రాకూడదని దాని లెక్క. పది కోట్ల గంటలంటే పదకొండు వేల ఏళ్ల పైమాటే. నడిపి చూసి నిరూపించేది కాదది. అందుకే కోడ్‌లో ప్రతి లైనునూ, ప్రతి సర్క్యూట్‌నూ రాసినవాళ్లు కాకుండా వేరేవాళ్లు పరీక్షించి, కాగితం మీద నిరూపించాలి. కాలేజీలో దీని గురించి ఎక్కువగా చెప్పరు కానీ ఈ రంగంలో చాలా ఉద్యోగాలు ఈ పరీక్షించే పనివే.

ఒడిశాలో 2023 జూన్ 2న జరిగిన బహనాగా బజార్ ప్రమాదం మీ ఇంట్లో మాట్లాడుకునే ఉంటారు. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లోకో పైలట్‌కు మెయిన్ లైన్‌కు పచ్చ సిగ్నలే కనిపించింది. పాయింట్లు (బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించేవి) మాత్రం స్టేషన్‌లో పక్కన ఉండే లూప్ లైన్ వైపు ఉన్నాయి. అంతకుముందు సిగ్నలింగ్ వైరింగ్‌లో చేసిన మార్పుల్లో తప్పు జరిగిందని విచారణలో తేలింది. ఈ పనిలో ఒక వైరు ఎంత బరువో పాప ముందే తెలుసుకుని రావాలి.

కాలేజీ విషయంలో నా మాట: మంచి కాలేజీలో ఈసీఈ. ఈఈఈ అయినా నష్టం లేదు. ఈ సిస్టమ్‌లలో కోడింగ్ చాలా ఉంటుంది కాబట్టి సీ భాష, మైక్రోకంట్రోలర్లు, కమ్యూనికేషన్ సిస్టమ్స్, కంట్రోల్ సిస్టమ్స్ గట్టిగా చదవాలి. పేరులేని కాలేజీలో సీఎస్ఈ తీసుకుని, ల్యాబ్ ముఖం చూడకుండా నాలుగేళ్లు గడిపే పిల్లలను హనుమకొండలో ఏటా చూస్తూనే ఉన్నాను. 'సీఎస్ఈ కాకపోతే జీవితం లేదు' అనే టెన్షన్ ఎవరు పెట్టారో కానీ మన దగ్గర అది చాలామందిని పట్టుకుంది.

ఉద్యోగాలు ఎక్కడ అంటారా, కవచ్ పరికరాలు తయారుచేసిన మొదటి మూడు కంపెనీలూ (మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్) హైదరాబాద్‌వే. తొలి ట్రయల్స్ కూడా మన వైపే, లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ లైన్లలో జరిగాయి. ఇంత దగ్గర్లో ఈ పని పుట్టిందని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ప్రభుత్వ ఉద్యోగమే కావాలంటే రైల్వే సిగ్నల్ అండ్ టెలికాం విభాగంలో ఆర్ఆర్‌బీ పరీక్షలతో జూనియర్ ఇంజనీర్, టెక్నీషియన్ గ్రేడ్-1 సిగ్నల్ పోస్టులు ఉంటాయి. డిప్లొమా వాళ్లకూ అవకాశం ఉంది. తార్నాకలోని ఐరిసెట్ గురించి కూడా మీరు విని ఉంటారు. 1957 నుంచి ఉన్న ఆ సంస్థ ముఖ్యంగా రైల్వే ఉద్యోగులకు శిక్షణ ఇచ్చేది. ఇంటర్ తర్వాత నేరుగా చేరే కాలేజీ కాదు.

మీది కాజీపేట కాబట్టి, ఒక పొరపాటు లెక్క వేసుకోకుండా ముందే చెబుతున్నాను. అక్కడ 2023లో శంకుస్థాపన జరిగిన రైల్వే తయారీ యూనిట్ మొదట వ్యాగన్ల పని కోసం అనుకున్నది, తర్వాత కోచ్‌లనూ చేర్చారు. అది ఎక్కువగా మెకానికల్ వాళ్లది. 'ఇంటి పక్కనే ఫ్యాక్టరీ, పాపకు అక్కడే ఉద్యోగం' అని లెక్కవేసుకోకండి. అలాగే 'కవచ్ కోర్సు, నెలలో ఉద్యోగం' అని డబ్బులడిగేవాళ్లు తగిలితే తలుపు వేసేయండి. ఆ డబ్బుతో పాపకు ఒక మైక్రోకంట్రోలర్ కిట్టు, మల్టీమీటరు కొనివ్వండి. చక్రం తిరిగినన్నిసార్లు లెక్కపెట్టి దూరం చెప్పే చిన్న బొమ్మబండిని ఇంట్లోనే చేసి, ఎంత తప్పు వస్తోందో కొలవమనండి. వరండాలో పది మీటర్లు నడిపినా చాలు, మూడు సెంటీమీటర్లో నాలుగో తేడా రాకుండా ఉండదు. అది ఎందుకొచ్చిందో వాళ్ల నాన్నను అడగమనండి. చక్రాల అరుగుడు సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు.

చివరగా, ఆప్షన్లు పెట్టకముందే చేయాల్సిన పని ఒకటుంది. సిగ్నల్ ఉద్యోగాలకు మెడికల్‌లో రంగులు గుర్తుపట్టే చూపు పరీక్షిస్తారు. నా దగ్గరికి వచ్చే ఒక అబ్బాయి రాతపరీక్ష పాసై, ఈ పరీక్షలో ఆగిపోయాడు. ఆకుపచ్చ, ఎరుపు తనకు సరిగ్గా తెలియవని ఆ రోజుదాకా వాడికీ తెలియదు, ఇంట్లోనూ తెలియదు. అమ్మాయిల్లో ఈ లోపం చాలా అరుదే, అయినా కంటి డాక్టర్ దగ్గర పది నిమిషాల పని. ఈ వారంలోనే చూపించండి. ఏదైనా తేలినా ఈసీఈ మానాల్సిన పని లేదు. అప్పుడు రైల్వే పోస్టుల కంటే కంపెనీల్లో డిజైన్, టెస్టింగ్ వైపు చూద్దాం.