అలాస్కా హిమనదులు చూడడానికి ఓడను, దారిని ఎంచుకోవడం గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య ఆశీస్సులు.

వచ్చే వేసవిలో మీ అమ్మానాన్నలు సియాటిల్ పక్కన బెల్‌వ్యూలోని మీ ఇంటికి వచ్చినప్పుడు పిల్లలతో సహా అందరూ అలాస్కా హిమనదులు చూసి రావాలనుకుంటున్నారనీ, నాలుగు ఓడల వివరాలు ముందు పెట్టుకుని ఏదీ తేల్చుకోలేకపోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. విశాఖపట్నం రేవులో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి, మీ అత్తయ్యతో కలిసి ఆ దారిలో రెండుసార్లు వెళ్లి వచ్చినవాణ్ణి కనుక నాకు తెలిసింది రాస్తున్నాను. డబ్బు కట్టేముందు ఒకసారి నిదానంగా చదువు.

మొదటిసారి మేము ధర చూసి ఓడను ఎంచుకున్నాం. ప్రయాణ పట్టికలో ‘హిమనది సందర్శన’ అని రాసి ఉంటే, అది ఏ హిమనది, ఎంత దగ్గరికి వెళతారు, అక్కడ ఎంతసేపు ఆగుతారు అని నేను అడగలేదు. ఆ రోజు తెల్లవారుజామున ఓడ ఒక ఇరుకైన ఫియోర్డులోకి, అంటే రెండు కొండల నడుమ లోపలికి చొచ్చుకుపోయిన సముద్రపు పాయలోకి వెళ్లింది. తేలే మంచుగడ్డలు దారి నిండా పరుచుకుని ఉండడంతో, హిమనది కనబడే మలుపుకు ఇవతలే వెనక్కి తిరిగింది. మేము ఉన్నిబట్టలు తొడుక్కుని పై డెక్కు మీదికి చేరేసరికి ఓడ బయటి సముద్రం వైపు సాగిపోతోంది. కెప్టెన్ చేసింది సరైన పనే. అంత మంచులో అంత పెద్ద ఓడను ముందుకు నడపమని ఓడలు తెలిసినవారెవరూ అనరు. కానీ మీ అత్తయ్య ఆ రోజంతా పెద్దగా మాట్లాడలేదు. అంత దూరం వచ్చింది దానికోసమే కదా.

అందుచేత ముందు హిమనదిని ఎంచుకో. దాని దగ్గర ఓడ ఎన్ని గంటలు ఉంటుందో చూడు. ఓడ పేరు, ధర, లోపలి హంగులు ఆ తరువాతి సంగతి.

మీ అమ్మానాన్నలకు ఇది జీవితంలో ఒక్కసారి చేసే ప్రయాణమైతే, నా ఓటు గ్లేసియర్ బే జాతీయ పార్కుకే. అక్కడికి రోజుకు రెండు పెద్ద ఓడలను మించి అనుమతించరు కాబట్టి నీళ్ల మీద రద్దీ ఉండదు. ఎక్కువ ఓడలు ఉదయం లోపలికి వెళ్లి సాయంత్రానికి గానీ బయటికి రావు, అంటే దాదాపు ఒక పగలంతా మంచుకొండల మధ్యనే గడుస్తుంది. బార్ట్‌లెట్ కోవ్ దగ్గర పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి, కదులుతున్న ఓడ పక్కన వేలాడే తాటినిచ్చెన మీదుగా పైకి ఎక్కుతారు. మన రేవులో ఓడలకు దారి చూపే పైలట్లు ఓడ ఎక్కే పద్ధతి కూడా ఇదే కాబట్టి, మా రెండో ప్రయాణంలో నేను ఆ దృశ్యం కోసం పొద్దున్నే లేచి నిలబడ్డాను, పిల్లలకు కూడా తప్పకుండా చూపించు. ఆ తరువాత రోజంతా రేంజర్లు మైకులో ఏది ఏమిటో వివరిస్తూనే ఉంటారు. 1794లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ వాంకూవర్ బృందం వచ్చినప్పుడు ఇక్కడ అఖాతమంటూ దాదాపు లేదు, ముఖద్వారం దగ్గరే మంచు గోడ అడ్డంగా ఉంది. 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి ఆ మంచు ముప్పై మైళ్లకు పైగా వెనక్కి జరిగింది. నేడు ముఖద్వారం నుంచి లోపలి చివరి పాయ అయిన టార్ ఇన్‌లెట్ కొస వరకు దాదాపు 65 మైళ్లు ఓడ మీద వెళ్లవచ్చు. ఆ మంచు ముందుకు తోసుకొచ్చిన కాలంలో ఊళ్లు వదిలి వెళ్లవలసి వచ్చిన హూనా ట్లింగిట్ ప్రజలకు అది పూర్వీకుల భూమి. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పి తీసుకువెళితే, వాళ్లు చూసేది వట్టి మంచుగా మిగలదు.

టార్ ఇన్‌లెట్ కొసన మార్జరీ హిమనది ఉంటుంది. దాని పొడవు 21 మైళ్లు, ముఖం, అంటే నీళ్లను తాకే మంచు గోడ, వెడల్పు ఒక మైలు. ఓడ దాని ఎదుట సుమారు గంటసేపు నిలిచి, ఉన్నచోటనే మెల్లగా చుట్టూ తిరుగుతుంది. ఇంజను శబ్దం తగ్గి, వేలమంది ఉన్న ఓడ మీద కూడా మాటలు సద్దుమణుగుతాయి. మేము చూస్తుండగా ముందు తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు వినబడింది కానీ ఏమీ కదలలేదు. కాసేపటికి, మేమెవరమూ చూడని ఎడమ కొసన, మూడంతస్తుల ఇల్లంత మంచు పలక నిలువునా జారింది. అది నీళ్లలో పడడం కళ్లకు కనబడిన తరువాత, ఒక్క క్షణం ఆగి, ఉరుము మా దాకా వచ్చింది. పలక ఊడిన చోట లోపలి మంచు, ఇంట్లో తెల్లబట్టలకు వేసే నీలిమందు రంగులో ఉంది. బరువుకు గాలి బుడగలు నలిగిపోయి గట్టిపడిన మంచు ఎర్రని కాంతిని మింగి నీలాన్ని మాత్రమే వదులుతుందట. మీ అత్తయ్య నా మోచేయి పట్టుకుని, మళ్లీ పడుతుందేమోనని ఆ గంటా రెప్ప వేయకుండా చూసింది. నేను నీకు ‘గంటలు లెక్కపెట్టు’ అని చెబుతున్నది ఇందుకే. మంచు ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు, అక్కడ ఎక్కువసేపు ఉన్నవాళ్లకే ఆ అదృష్టం దక్కే వీలు ఎక్కువ.

గ్లేసియర్ బేకి వెళ్లే ఓడల్లో ఎక్కువ భాగం ప్రిన్సెస్, హాలండ్ అమెరికా కంపెనీలవి, నార్వేజియన్‌కు కూడా కొన్ని ఉన్నాయి. అయితే ఒకే కంపెనీ ఓడలన్నీ వెళ్లవు, ఒకే ఓడ అన్ని వారాలూ వెళ్లదు. కాబట్టి నువ్వు బయలుదేరే తేదీ పట్టికలో ఆ పేరు స్పష్టంగా ఉందో లేదో చూసుకో.

హబ్బర్డ్ హిమనది దక్కితే కూడా చింతించవలసిన పని లేదు. దాని పొడవు 76 మైళ్లు, ముఖం వెడల్పు దాదాపు ఆరు మైళ్లు. మిగతావి చాలావరకు కుంచించుకుపోతుంటే ఇది ముందుకు వస్తోంది. 1986లో పక్కనున్న రస్సెల్ ఫియోర్డు ముఖద్వారానికి అడ్డుకట్ట వేసి, దాన్ని కొన్ని నెలలపాటు సరస్సుగా మార్చేసింది. చిక్కల్లా ఎదుట తేలే మంచుతోనే. అది దట్టంగా ఉన్న రోజున ఓడలు కొన్ని మైళ్ల ఇవతలే ఆగిపోతాయి. ఇక అలాస్కా రాజధాని జూనోకు దక్షిణాన ఉన్న ట్రేసీ ఆర్మ్, ఎండికాట్ ఆర్మ్ అందమైన ఇరుకు ఫియోర్డులు. 2025 ఆగస్టు 10న ట్రేసీ ఆర్మ్‌లో సౌత్ సాయర్ హిమనది దగ్గర పెద్ద కొండచరియ విరిగిపడి సునామీ అల లేచింది, ఆ తరువాత కంపెనీలు ఎండికాట్ వైపు మళ్లాయి. ఎండికాట్‌లో డాస్ హిమనది ఉంది, జలపాతాలు దగ్గరగా కనబడతాయి. కానీ పెద్ద ఓడకు అక్కడ దక్కే సమయం తక్కువ, వేసవి మొదట్లో మంచు అడ్డం వచ్చే అవకాశం ఎక్కువ. నాలుగు ఓడల్లో రెండింటికి ఇదొక్కటే హిమనది అని మీ అమ్మ చదివి వినిపించింది. ధర ఎంత తక్కువైనా ఆ రెండింటినీ పక్కన పెట్టమని నా సలహా.

ఇప్పుడు దారి సంగతి. ఇంటి పక్కనే కాబట్టి సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగడం నీకు సులువుగా తోస్తుంది. కానీ అక్కడి ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమటగా, పసిఫిక్ మహాసముద్రంలో నుంచి వెళతాయి. కెనడాలోని వాంకూవర్ నగరం నుంచి బయలుదేరేవి దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్యనున్న లోపలి దారిన వెళతాయి. ఈ తేడా విశాఖవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. డాల్ఫిన్స్ నోస్ చాటున లోపలి రేవులో గ్లాసులో నీళ్లు కూడా కదలవు, కొండ దాటి బయటికి రాగానే ఓడ ఊగడం మొదలవుతుంది. బస్సు ప్రయాణానికే తల తిరిగే మీ అమ్మకు రెండు రాత్రుల ఊగిసలాట తప్పించగలిగితే తప్పించు. అలాస్కాలో ఇంకా పైనున్న విట్టియర్ రేవు గానీ సీవార్డ్ రేవు గానీ చేరే ఏకదిశ ప్రయాణాల్లో గ్లేసియర్ బేతో పాటు హబ్బర్డో కాలేజ్ ఫియోర్డో కూడా దొరకవచ్చు. కాకపోతే కొండల చాటు లేని అలాస్కా అఖాతాన్ని దాటాలి, ఆరుగురికి విమాన టికెట్లు అదనం. మీ కుటుంబానికి వాంకూవర్‌లో ఎక్కి వాంకూవర్‌లోనే దిగే ఏడు రాత్రుల ప్రయాణమే సరైనదని నా అభిప్రాయం.

వాంకూవర్ అంటే కెనడా వీసా కావాలి కదా అని నువ్వు వెనుకాడతావేమో. సియాటిల్ నుంచి వెళ్లినా అది తప్పదు. విదేశీ జెండా కింద నడిచే ఓడలు అమెరికా రేవులో ఎక్కినవారిని తిరిగి అక్కడే దించాలంటే మధ్యలో పరాయి దేశపు రేవు ఒకటి తాకాలని 1886 నాటి అమెరికా చట్టం ఉంది. అందుకే సియాటిల్ ఓడలు సాధారణంగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. భారతీయ పాస్‌పోర్టు ఉన్న మీ అమ్మానాన్నలు అక్కడ ఓడ దిగకపోయినా కెనడా వీసా చూపించాలి. తిరిగి అమెరికాలోకి రావడానికి వాళ్ల అమెరికా వీసా ఒకటికి మించిన ప్రవేశాలకు చెల్లుతుందో లేదో కూడా చూసుకో. వేలిముద్రలు ఇవ్వడానికే రోజులు పడతాయి కాబట్టి, ఓడకు డబ్బు కట్టే నాటికే ఆ పని మొదలుపెట్టు.

ఓడ మరీ పెద్దది వద్దు. నాలుగైదు వేలమంది ఉన్న ఓడలో హిమనది ఎదుట కటకటాల దగ్గర చోటు దొరకదు, మీ నాన్నగారు మోకాళ్ల నొప్పితో జనం వెనక నిలబడవలసి వస్తుంది. రెండువేల మంది చుట్టుపక్కల ఉండి, చుట్టూ నడవడానికి వీలైన డెక్కు, ఆ రోజున తెరిచే ముందుభాగం ఉన్న ఓడ మేలు. వందమంది పట్టే చిన్న ఓడలు మంచుకు మరింత దగ్గరగా వెళతాయి, కానీ ఖరీదు చాలా ఎక్కువ, చాలావాటిలో లిఫ్టు ఉండదు, రబ్బరు పడవల్లోకి దిగి ఎక్కడం మీ నాన్నగారి వల్ల కాదు.

కేబిన్ల విషయంలో మీ అమ్మానాన్నలకు బాల్కనీ తీసుకో, నువ్వూ కోడలూ పిల్లలూ కిటికీ లేని గదిలో సర్దుకోండి. పగలంతా మీరు డెక్కు మీదే ఉంటారు. వాళ్లకు మాత్రం చలికి లోపలికి వచ్చి, టీ తాగి, మళ్లీ నాలుగడుగుల్లో బయటికి వెళ్లే వీలుండాలి. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. అయితే అక్కడ కొన్ని గదుల ఎదుట ప్రాణరక్షణ పడవలు వేలాడుతుంటాయి, గది నంబరు పెట్టి పటం చూసుకో. హిమనది ఎదుట ఓడ చుట్టూ తిరుగుతుంది కాబట్టి కుడివైపు గది అని, ఎడమవైపు గది అని ఎక్కువ డబ్బు పెట్టకు.

పిల్లల బడులు జూన్ చివరికి మూస్తారు కనుక జూలై మొదటి పక్షం చూడు. ఆ రోజుల్లో వెలుతురు రాత్రి పది దాకా ఉంటుంది. వాన మాత్రం ఏ నెలలోనైనా తప్పదు. దారిలోని రేవు పట్టణం కెచికాన్‌లో ఏడాదికి పడే వాన విశాఖ వానకు మూడు రెట్లకు పైమాటే. గొడుగు గాలికి నిలవదు, వాన కోట్లే కొను. మంచు మీదుగా వచ్చే గాలి ఎముకల్లోకి దిగుతుంది, టోపీ, చేతి తొడుగులు అందరికీ ఉండాలి.

శాకాహారమని టికెట్టు కొన్నప్పుడే రాయించు, ఓడ ఎక్కిన రోజే భోజనశాల పెద్దను కలిసి మళ్లీ చెప్పు. హాలండ్ అమెరికా ఓడల్లో హిమనది రోజున డెక్కు మీద వేడివేడి బఠాణీ సూపు ఇస్తారు. సంప్రదాయంగా అందులో పంది మాంసం పడుతుంది, మీ నాన్నగారికి అడిగి గానీ ఇప్పించకు.

మిగిలిన రెండు ఓడల ప్రయాణ పట్టికలు గంటలతో సహా నాకు పంపించు. సిబ్బంది బక్షీసు, రేవు పన్నులు కలిపిన మొత్తం ధర కూడా రాయి. హిమనది రోజున ఓడ ఎన్నింటికి లోపలికి వెళ్లి ఎన్నింటికి బయటికి వస్తుందో అందులో లేకపోతే కంపెనీకి ఫోను చేసి కనుక్కో. ఈలోగా మీ అమ్మను, తాను వేసుకునే రక్తపోటు మాత్రలతో పాటు ఓడ వాంతుల మాత్ర వేసుకోవచ్చో లేదో ఇక్కడి డాక్టరునే అడిగి రమ్మని నేను చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య