ఆ బ్లర్ తీసెయ్, చెల్లెమ్మా

చెల్లెమ్మా,

నీ పొందూరు ఖద్దరు డాక్యుమెంటరీ డీవీడీ అందింది. రాత్రి మా పాత పెట్టె టీవీలో ఒకసారి, పొద్దున కంప్యూటర్లో ఇంకోసారి చూశాను. కామెంటరీ బాగా రాశావు. ఇక తిట్లు.

మీ నాయనమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతుంటే, ఆ చెయ్యి దగ్గర వీడియో ఆపి, ఫొటోలా నిలబెట్టి నాలుగు వాక్యాలు చదివావు. అక్కడ నేను వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. అంత మంచి చోట వేళ్ల అంచులు దువ్వెన పళ్లలా చీలిపోయి ఉన్నాయి. పైగా మీ తాతగారింట్లో టీవీలో మగ్గం ఫొటోలు మినుకుమంటున్నాయని సినిమా మొత్తానికి బ్లర్ కొట్టేశానని రాశావు. ఏటమ్మా ఇది? పొందూరు బట్ట మీద బ్లరా! ఫొటోల మినుకు తగ్గింది, దాంతోపాటు నూలు సన్నదనమూ పోయింది, చెయ్యి మాత్రం చీలిపోయే ఉంది. ఇంతమాత్రానికి మిల్లు గుడ్డ చూపించినా ఎవరూ కనిపెట్టలేరు.

అవి రెండూ వేరు వేరు రోగాలు. మీ బాబాయి తీసిన డీవీ (డిజిటల్ వీడియో) టేపు పాల్ అనే టీవీ పద్ధతిది. సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు, ఒకదాంట్లో బేసి గీతలు, ఇంకోదాంట్లో సరి గీతలు, రెంటికీ మధ్య సెకనులో 50వ వంతు తేడా. ఆ కాస్త టైములోనే నాయనమ్మ చెయ్యి జరిగింది. వీడియో నడుస్తున్నంతసేపూ కన్ను పట్టించుకోదు, ఆపగానే రెండు చోట్ల ఉన్న చెయ్యీ ఒకే బొమ్మలో బయటపడుతుంది. ముందు క్లిప్పుని డీఇంటర్లేస్ చేసి, అంటే ఫీల్డులని విడదీసి పూర్తి బొమ్మలుగా మార్చి, ఆ తర్వాతే ఫ్రేము ఆపాలి. నువ్వు ఆపేసి, పెద్దది చేసి, అప్పుడు ఫిల్టర్ వేశావు. యాడిఫ్ లాంటి డీఇంటర్లేస్ ఫిల్టర్లు ముందూ వెనకా ఫ్రేములు చూసుకుని కదలిక ఎక్కడుందో పట్టుకుంటాయి, ఆపేసిన బొమ్మలో వాటికి ఏం దొరుకుతుంది? పెద్దది చేశాక ఆ పళ్లు లావు చారలైపోతాయి, ఇక ఏ ఫిల్టరూ గుర్తుపట్టదు. మరీ కుదరకపోతే ఒక ఫీల్డు పారేసి మిగిలిన 288 గీతల నుంచి ఫ్రేముకి కావాల్సిన 576 గీతలూ కట్టించుకో. బొమ్మ కాస్త మెత్తబడుతుంది, ఆ ఒక్క షాటుకి పర్వాలేదు. డీవీ పాల్‌లో కింది ఫీల్డు ముందొస్తుందని కూడా సెట్టింగుల్లో చూసుకో.

మగ్గం ఫొటోల సంగతి వేరు. ఫోన్లో తీసినవాటికి ఫీల్డులుండవు. కానీ పెట్టె టీవీ వాటినీ రెండు ఫీల్డులుగానే చూపిస్తుంది. పడుగు దారాలు ఫ్రేములో అడ్డంగా పరుచుకున్నాయి కదా, ఒక్క గీత మందం ఉన్న దారం ఒక్క ఫీల్డులోనే పడుతుంది, అంటే సెకనుకి 25 సార్లు వెలిగి ఆరుతుంది. మానిటర్లో తెలియదు, పెట్టె టీవీలో కళ్లు పోతాయి.

బొబ్బిలి వీణ మీద నేను మొదట్లో చేసిన చిన్న సినిమాకి ఇదే జరిగింది. వీణని అడ్డంగా పెట్టి తీసిన ఫొటోలో తీగలన్నీ టీవీలో మినుకుమంటుంటే, ఇక్కడి ఒక కేబుల్ ఛానెల్లో ఎడిటర్ మహాశయుడు "ఫొటో బాగోలేదు గురూ" అని తీసేసి ఆ చోట సూర్యాస్తమయం పెట్టాడు. పనసచెక్కని ఎలా తొలుస్తారో నేను రాసిన వాక్యాలన్నీ సూర్యాస్తమయం మీద వినబడ్డాయి. ఇప్పటికీ మండుతుంది. ఆ కోపంలోనే సెకండ్‌హ్యాండ్ టీవీ ఒకటి కొని ఎడిటింగ్ టేబుల్ పక్కన పెట్టుకున్నాను, అందరూ నవ్వారు. తీగలున్నంత మేరకే మాస్క్ గీసి, నిలువుగా మాత్రమే, పిక్సెల్‌కి మించకుండా బ్లర్ ఇచ్చాను. మినుకు ఆగింది, చెక్కడం పని గీతగీతా కనబడింది. నువ్వూ అలాగే చెయ్. దానికి ముందు ఫొటోల సైజు ఫొటోషాప్‌లో తగ్గించుకో, వేల గీతలని 576కి కుదించే పని ఎడిటింగ్ టైమ్‌లైన్‌కి వదిలేయకు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో మోషన్ సెట్టింగుల కింద యాంటీ-ఫ్లికర్ ఫిల్టర్ ఉంటుంది, టీవీ చూస్తూ 0 నుంచి కొంచెం కొంచెం పెంచు. ఏ ఫొటోకి ఎంత కావాలో ఆ ఫొటోకే ఇవ్వు.

ఇంకొకటి, ఆ జూములేంటి? ఫొటో కదలకుండా రెండు క్షణాలుంటే ఇప్పటివాళ్లకి టెన్షన్. సన్న గీతలున్న ఫొటోని మెల్లగా పైకీ కిందకీ జరిపితే ఆ మినుకు ఇంకా ఎక్కువవుతుంది, వదిలెయ్. శ్రీకాకుళం జిల్లా సినిమా అనగానే అరసవల్లి గోపురంతో మొదలెట్టాలని ఎవరు చెప్పారో గానీ, అదీ తీసెయ్.

సంగీతం గురించీ, ఏ ఫెస్టివల్‌కి పంపాలన్నదాని గురించీ అడిగావు. ముందు చెయ్యి బాగుచెయ్. ఆ షాట్ టేపు నుంచి మళ్లీ ఎక్కించాలి, నీ దగ్గరున్న ఫైలు ఇప్పటికే పాడైంది. టేపులు ఆడించే నా డీవీ డెక్ ఇంకా నడుస్తోంది. టేపుని పోస్టులో మాత్రం పంపకు, విజయనగరం వచ్చేవాళ్లెవరైనా ఉంటే చేతికిచ్చి పంపు.

అన్నయ్య